వైజాగ్ వన్‌టౌన్: మా కోటవీధిలో 18 అంతస్తుల టవరట, సలహా కావాలి

కోటవీధి_కుర్రాడు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పేరుకే కుర్రాడిని, వయసు 46.

వన్‌టౌన్‌లో మా ముత్తాత కట్టించిన ఇల్లు ఉంది. ముందు అరుగు, లోపల చిన్న మండువా, బర్మా టేకు దూలాలు, పైన పెంకు. స్థలం 160 గజాలు. వారసులం 8 మందిమి. ఇంట్లో ఉండేది అమ్మా, నేనూ, మా ఆవిడా, పిల్లాడూ. మిగతావాళ్లు హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ దాకా ఉన్నారు.

పోయిన ఆదివారం ఒక బిల్డర్ తరఫు మనిషి స్వీట్‌బాక్సు పట్టుకుని వచ్చాడు. మా వరసలో 11 ఇళ్లు కలిపితే 1,750 గజాలట. కింద రెండంతస్తులు షాపులు, పైన 16 అంతస్తులు ఫ్లాట్లు. ఓనర్లకి సగం, బిల్డర్‌కి సగం. కట్టినన్నాళ్లూ నెలకి 15 వేలు అద్దె ఇస్తారట. ఒక రంగుల బొమ్మ కూడా చూపించాడు. అందులో మా వీధి ఎంత విశాలంగా ఉందంటే పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు, రెండు పక్కలా కొబ్బరిచెట్లు. అసలు వీధిలో ఆటో వస్తే ఎదురింటాయన స్కూటర్ లోపల పెట్టుకోవాలి.

అమ్మ స్వీట్లు తీసుకుంది. సంతకం మాత్రం తర్వాత చూద్దాంలే నాయనా అంది.

11 ఇళ్లలో 3 ఇళ్లవాళ్లు ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్నారని విన్నాను. ఇంతకీ ఇలాంటిది మన ఓల్డ్ టౌన్‌లో జరిగే పనేనా? జరిగితే మంచిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

మధురవాడ_మనిషి | శనివారం, రాత్రి 10:05

అన్నా, ఇందులో ఆలోచించేదేముంది? ఊరంతా భీమిలి వైపు పరిగెడుతోంది. మధురవాడ, ఎండాడ, కొమ్మాది చూడు, ఒకప్పుడు అక్కడ జీడితోటలు. వన్‌టౌన్ పిల్లలు చదువైపోగానే ఊరవతలికి వచ్చేస్తున్నారు, పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కారు ఎక్కడ ఆపాలని అడుగుతున్నారు. హుద్‌హుద్ రోజు గుర్తుందా, 2014 అక్టోబర్ 12? పెంకులు గాల్లో కాగితాల్లా లేచాయి. ఇంకో తుఫాను దాకా ఎందుకు ఆగడం.

పైగా మెట్రో వస్తోంది. గురుద్వారా నుంచి ఓల్డ్ పోస్టాఫీసు దాకా ఒక కారిడార్ ప్లాన్‌లో ఉంది, దాదాపు 5 కిలోమీటర్లు. స్టేషన్ పక్కన 160 గజాల పెంకుటిల్లు పెట్టుకుని ఏం చేస్తారు?

---

జీవోల_పురుగు | శనివారం, రాత్రి 10:31

మెట్రో విషయంలో ఆలు లేదు చూలు లేదు, అప్పుడే పిల్లర్ నంబరు చెప్పి ప్లాట్లు అమ్మేస్తున్నారు. దాన్ని పక్కన పెడదాం.

కోటవీధి_కుర్రాడు గారూ, రెండు అంకెలు చెప్పండి. మీ వీధి వెడల్పు ఎంత? మీ ఇంటి లోతు, అంటే వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా ఎంత? బిల్డర్ చెప్పింది వద్దు. మీరే టేపు పట్టి కొలవండి. మిగతా కబుర్లన్నీ ఆ తర్వాత.

---

లిఫ్ట్‌కావాలి | శనివారం, రాత్రి 11:12

ఈ చర్చ ఎటు పోతుందో నాకు తెలుసు. ఇంకో గంటలో ఎవరో ఒకరు వచ్చి "మన వారసత్వ సంపద" అంటారు, కింద పాతిక లైకులు పడతాయి. ఆ లైకులు కొట్టేవాళ్లలో వన్‌టౌన్‌లో నిద్రలేచేవాళ్లు ఎంతమంది?

నేను సోల్జర్‌పేట దగ్గర మేడ మీద అద్దెకి కాదు, సొంత వాటాలోనే ఉంటాను. అమ్మకి మోకాళ్లు పోయాయి. మెట్లు 34. నిటారుగా, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. పోయిన ఏడాది ఆమెకి ఆయాసం వస్తే అంబులెన్స్ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. ఇద్దరు పక్కింటి కుర్రాళ్లు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు. దించుతుంటే ఆవిడ నైటీ పైకి జరిగిపోతోందని ఒక చేత్తో పట్టుకునే ఉంది, ఇంకో చేత్తో గోడ. ఊపిరి ఆడని మనిషి సిగ్గు గురించి ఆలోచించాల్సి వచ్చింది. బాత్రూం కిందే ఉంది, వర్షం వస్తే గొడుగు వేసుకుని వెళ్లాలి. మీరు ఫోటోలు తీసుకునే ఆ రంగుటద్దాల కిటికీ రెక్కలు 2 ఏళ్లుగా తెరుచుకోవడం లేదు, ఉప్పుగాలికి బందులు పట్టేశాయి.

టవర్ అంటే నాకు అద్దాల మేడ కాదు. ఒక లిఫ్టు, గదికి ఆనుకుని ఒక బాత్రూం. అంతే.

---

సున్నంగానుగ | ఆదివారం, ఉదయం 6:20

లిఫ్ట్‌కావాలి అమ్మా, నీ మాటలో అబద్ధం లేదు. నేను 38 ఏళ్లు కట్టడాల పనిలో ఉన్నాను, అందులో సగం పాత ఇళ్ల మరమ్మతులే. చాలామంది "పాత ఇల్లు కదా, పాడైపోయింది" అంటారు. వన్‌టౌన్‌లో ఇళ్లు వయసుతో పాడవలేదు, సిమెంట్‌తో పాడయ్యాయి.

కొంచెం వివరంగా చెబుతాను, విసుక్కోకండి. ఆ గోడలు మన కొండరాయి, ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గోడ తేమ పీలుస్తుంది, వదిలేస్తుంది. సముద్రం పక్కన ఊరు కాబట్టి తేమతోపాటు ఉప్పు కూడా లోపలికి వెళుతుంది, సున్నం పూత మీదుగానే పొడిలా రాలిపోతుంది. అందుకే పూర్వం ఏటా సంక్రాంతికి వెల్ల వేసేవారు. 1970ల తర్వాత అందరూ పైన సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు, గట్టిగా ఉంటుందని. తేమ లోపలే ఇరుక్కుంది. ఉప్పు లోపలే గడ్డకట్టింది. పదేళ్లకి ప్లాస్టర్ పొరలుగా ఊడుతుంది, మళ్లీ ఇంకా మందంగా సిమెంట్ వేస్తారు. దూలం గోడలోకి దిగే చోట తేమ నిలిచి టేకు చివర కుళ్లుతుంది. మొత్తం దూలం బాగానే ఉంటుంది, చివరి జానెడు పోతుంది. ఆ జానెడు చూసి ఇల్లంతా పడగొట్టమంటారు.

సముద్రపు ఒడ్డున కాంక్రీటు ఏమైనా వెయ్యేళ్లు ఉంటుందా? బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో ముప్పై ఏళ్లు నిండకుండానే బాల్కనీ కింద ఊచలు తుప్పుపట్టి పెచ్చులూడటం చూడండి. ఊచల మీద కవర్, అంటే కాంక్రీటు పొర, సరిగ్గా ఇవ్వకపోతే ఉప్పుగాలి చాలు.

అయితే, లిఫ్టు విషయం వేరు. అది మళ్లీ రాస్తాను. ఇప్పుడు టిఫిన్‌కి పిలుస్తున్నారు.

---

మధురవాడ_మనిషి | ఆదివారం, ఉదయం 9:02

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. గానుగ సున్నం కలిపే మేస్త్రి ఇప్పుడు ఎక్కడ దొరుకుతాడు? దొరికినా రోజుకి ఎంత అడుగుతాడు? 8 మంది వారసుల్లో ఆ ఖర్చు ఎవరు పెడతారు?

ఇంకోటి. చరిత్ర చరిత్ర అంటారు. కోటవీధిలో కోట ఎక్కడుంది? బురుజుపేటలో బురుజు ఎక్కడుంది? సోల్జర్‌పేటలో ఒక్క సోల్జర్‌ని చూపించండి. అన్నీ ఎప్పుడో పోయాయి, పేర్లే మిగిలాయి. ఈ నాలుగు ఇళ్లు పోతే కొంపలేం మునగవు.

---

టౌన్‌హాల్_మెట్లు | ఆదివారం, ఉదయం 9:48

అన్నీ పోయాయి కాబట్టే మిగిలినవి లెక్కలోకి వస్తాయి తమ్ముడూ.

1780 అక్టోబర్ 3న ఇక్కడి సిపాయిలు హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కమంటే ఎక్కం అని తిరగబడ్డారు. 1857కి ముందు 77 ఏళ్లు. ఆ సంగతి చెప్పడానికి ఆ చుట్టుపక్కల ఏ గోడ మిగిలింది? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బర్ మీద బాంబులు వేశాయి, మా తాత ఊరు ఖాళీ చేసి కాలినడకన శృంగవరపుకోట వైపు పోయానని చెప్పేవాడు. 1933లో హార్బర్ తెరవకముందు ఊరంటే ఇదే. కలెక్టరు, కచేరీ, వర్తకులు, రంగూన్ ఓడలు, అన్నీ ఈ రెండు కిలోమీటర్ల లోపలే. ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర నిలబడితే ఇంగ్లీషువాళ్ల సమాధులు, కొంచెం నడిస్తే 1847 నాటి సెయింట్ ఎలోషియస్ స్కూలు, బొబ్బిలి రాజావారు కట్టించిన టౌన్‌హాల్. మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి పక్కపక్కనే కనిపిస్తాయి. ఇవాళ కింది వీధిలో నిలబడి తలెత్తితే మూడూ కనిపిస్తాయి. 18 అంతస్తులు లేస్తే, అవి కనిపించేది ఫ్లాట్ కొన్నవాడికి. అదీ తూర్పు ఫేసింగ్‌కి ఎక్స్‌ట్రా కట్టినవాడికి.

---

లిఫ్ట్‌కావాలి | ఆదివారం, ఉదయం 10:15

మూడు కొండలూ మా మేడ మీంచి రోజూ కనిపిస్తాయండీ. చాలా బావుంటాయి. అమ్మ 5 నెలల నుంచి వీధి మాత్రం చూడలేదు.

---

బురుజు_నీడ | ఆదివారం, ఉదయం 11:30

ఒక చిన్న సంగతి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదని అందరికీ తెలుసు. ఎండా వానా నేరుగా అమ్మవారి మీదే పడాలి. 1917లో రోడ్డు వెడల్పు కోసమని అమ్మవారిని పక్కకి జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ తెచ్చి పాత చోట పెడితే తగ్గిందని పెద్దవాళ్లు చెబుతారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

నేను నమ్మకం జోలికి పోను, లెక్క చెబుతాను. అమ్మవారి ఉత్సవాలు జరిగే మార్గశిరం అంటే దాదాపు డిసెంబర్. ఆ రోజుల్లో మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణానికి వాలి 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 60 మీటర్ల భవనం నీడ ఉత్తరం వైపు 52 మీటర్లు పడుతుంది. పొద్దున, సాయంత్రం ఇంకా చాలా పొడవు. గుడికి దక్షిణంగా అలాంటి టవర్లు రెండు మూడు లేచాయనుకోండి, మార్గశిర గురువారాలు క్యూలో నిలబడే లక్షలమందికి ఆకాశం కనిపిస్తుంది కానీ ఎండ ఉండదు. పైకప్పు వేయకుండానే వేసినట్టు.

---

కోటవీధి_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

కొలిచాను. తెల్లారగట్ల 5 గంటలకి, బళ్లు లేనప్పుడు. మా పిల్లాడు ఒక చివర పట్టుకున్నాడు. పాలవాడు ఆగి "సర్వేనా సార్, మా ఇల్లు కూడా పోతుందా" అని అడిగాడు.

వీధి ఇరుకైన చోట 5.5 మీటర్లు. అదీ కాలువ మీద పలకలతో కలిపి. మా ఇల్లు ముఖం 6.5 మీటర్లు, లోతు 20.5 మీటర్లు. వరసలో మిగతా ఇళ్లూ దాదాపు ఇంతే.

---

జీవోల_పురుగు | ఆదివారం, మధ్యాహ్నం 1:25

ఇప్పుడు చెబుతాను, కాగితం తీసుకోండి.

మన రాష్ట్రంలో ముంబైలోలాగా ఇంత స్థలానికి ఇంతే కట్టాలనే ఎఫ్ఎస్ఐ పరిమితితో నడిచే పద్ధతి కాదు. రోడ్డు వెడల్పు, ఎత్తు, చుట్టూ వదిలే ఖాళీ, ఈ మూడిటి మీదే లెక్కంతా. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168 ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తు ఉంటే హైరైజ్. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, కనీసం 12 మీటర్ల రోడ్డు, చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డూ పెరగాలి, ఖాళీ పెరగాలి. మన రాష్ట్రం 2017లో తెచ్చిన రూల్స్ కూడా ఇదే బాటలో నడిచాయి. ఆ 7 మీటర్లు అందం కోసం కాదు, ఫైరింజన్ చుట్టూ తిరగడానికి.

ఇప్పుడు మీ 1,750 గజాలు అంటే 1,463 చదరపు మీటర్లు. అక్కడే 2,000కి తక్కువ. పోనీ, ఎలాగో సర్దారనుకుందాం. వీధి 5.5 నుంచి 12 మీటర్లు కావాలంటే రెండు వైపులా చెరో 3.25 మీటర్లు కొట్టాలి. మీ లోతు 20.5లో అది పోతే 17.25. ముందు 7, వెనక 7 వదిలితే మిగిలింది 3.25 మీటర్లు.

మూడుంపావు మీటర్ల మందం, 18 అంతస్తుల ఎత్తు. అగ్గిపెట్టె నిలబెట్టి దాంట్లో కాపురం చేయమన్నట్టు. నిజానికి ఆ ఎత్తుకి 7 మీటర్ల ఖాళీ కూడా చాలదు, అప్పుడు మిగిలేది సున్నా కంటే తక్కువ.

అంటే ఆ బొమ్మ మీ 11 ఇళ్ల బొమ్మ కాదు. వెనక వీధి వరస కూడా కావాలి. ఎదుటి వరస ముందుగదులు పోవాలి. మెయిన్ రోడ్డు దాకా వీధంతా కొట్టాలి, ఎందుకంటే మీ గుమ్మాల ముందు 70 మీటర్ల పొడవునా వెడల్పు చేసి, మలుపు దగ్గర 5.5 ఉంటే ఫైరింజన్ ఎగిరి రాదు. 11 ఇళ్లని చెప్పి మొదలుపెడతారు, తేలేసరికి 40 అవుతాయి.

ఇంకో రెండు గడపలు కూడా ఉన్నాయి. ఊళ్లో ఉన్న విమానాశ్రయం నేవీది కాబట్టి ఎత్తుకి వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి. సముద్రపు పోటు గరిష్ఠంగా వచ్చే రేఖ నుంచి 500 మీటర్ల లోపల పడితే సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాలకి హద్దులు పెట్టే నిబంధనలు.

---

మధురవాడ_మనిషి | ఆదివారం, మధ్యాహ్నం 2:00

రూల్స్ మారతాయి పురుగుగారూ. అవసరమైతే ఓల్డ్ టౌన్‌కి ప్రత్యేకంగా సడలిస్తారు. రోడ్డుకి ఇచ్చిన స్థలానికి టీడీఆర్ బాండ్లు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు కాగితాలు వస్తాయి కదా, అమ్ముకోవచ్చు కూడా.

---

జీవోల_పురుగు | ఆదివారం, మధ్యాహ్నం 2:09

రూలు మారొచ్చు. 20.5 మీటర్లు మారదు.

బాండు సంగతంటారా, ముందుగది పోగొట్టుకున్నవాడి చేతిలో ఉండేది కాగితం. దాన్ని కొనేది కూడా ఏ బిల్డరో. ఎంతకి కొంటాడన్నది వాడిష్టం.

---

హైదరాబాద్_బావమరిది | ఆదివారం, సాయంత్రం 4:40

బావా, నువ్వేనా? 160 గజాలు, 8 మంది వారసులు, స్వీట్లు తీసుకుని సంతకం పెట్టని అత్తయ్య... ఇంకెవరుంటారు!

సరే, అందరిముందూ అడుగుతాను, ఇంట్లో అడిగితే అత్తయ్యకి కోపం వస్తుంది. మా అమ్మ వాటా గురించి ఎవరూ మాట్లాడరేం? మేము ఆ ఇంట్లో ఉండం, అద్దె రాదు, అమ్మలేం. ఇంటిపన్ను నువ్వే కడుతున్నావు, ఒప్పుకుంటాను. కానీ 25 ఏళ్లుగా అది మాకు కాగితం మీది ఆస్తి. బిల్డర్ వస్తే కనీసం ఒక ఫ్లాటు అమ్ముకుని పాప చదువుకి వాడుకుంటాం. పెంకులూ దూలాలూ నాకూ ఇష్టమే. వేసవి సెలవుల్లో ఆ మండువాలో పడుకున్నవాణ్ణే. ఇష్టంతో ఫీజు కట్టలేం కదా.

---

కోటవీధి_కుర్రాడు | ఆదివారం, సాయంత్రం 5:15

ఓరి నీ... నువ్వెప్పటి నుంచి ఉన్నావురా ఇక్కడ? సరే, దొరికావు.

బిల్డర్ బొమ్మ ప్రకారం అంతస్తుకి 6 చొప్పున 96 ఫ్లాట్లు. ఓనర్లకి 48. మన 160 గజాల వాటాకి 4 ఫ్లాట్లు, ఇంకో అరకొర. 8 మందికి 4. నీకూ నాకూ కలిపి ఒకటి. హాలు నాది, వంటిల్లు నీది. పైగా 1,750 గజాలని 96తో భాగిస్తే ఫ్లాటుకి 18 గజాల నేల. ఇవాళ మనందరికీ 160 గజాలు, రేపు 80. ఇది కూడా పురుగుగారి అగ్గిపెట్టె నిలబడితేనే.

అయినా నువ్వన్నది నిజం. మీ అమ్మ వాటా మాట ఇన్నాళ్లూ ఎత్తనిది నేనే. ఫోన్ చేస్తాను.

---

కురుపాం_కుంపటి | ఆదివారం, రాత్రి 8:50

మా అబ్బాయి చేత టైపు చేయిస్తున్నాను. తప్పులుంటే వాడివి.

ఓనర్లూ, వాటాలూ, ఫ్లాట్లూ అంటున్నారు. అద్దెకున్నోళ్ల సంగతేటి? కురుపాం మార్కెట్ పక్కన మా నాన్నా, నేనూ కలిపి 51 ఏళ్లుగా ఒకే గదిలో బంగారం పని చేస్తున్నాం. గది పది అడుగులకి ఎనిమిది. కుంపటి, దాకలి, ఒక దీపం, ముగ్గురు మనుషులు. అప్పట్లో గుడ్‌విల్ అని నాలుగువేలు ఇచ్చాం, కాగితం లేదు. మా గది ఓనరు కూడా మొన్న చెప్పాడు, రెండేళ్లలో ఖాళీ చేయాలి, టవర్ వస్తుంది, కింద షాపు కావాలంటే మార్కెట్ రేటుకి కొనుక్కో అని. ఆ రేటు వింటే నవ్వొచ్చింది బాబూ.

పోనీ ఇంకోచోట పెట్టుకో అంటారు. మా పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకడు తీగ లాగుతాడు, ఒకడు రాళ్లు పొదుగుతాడు, ఒకడు మెరుగు పెడతాడు, ఇంకొకడు కరిగిస్తాడు. అందరం వంద అడుగుల లోపలే ఉన్నాం. గాజుకి రాయి ఊడితే చెప్పులేసుకోకుండా వెళ్లి పొదిగించుకుని వస్తాను. ఒకణ్ణి గాజువాకకీ, ఒకణ్ణి గోపాలపట్నానికీ పంపితే ఆ గాజు ఆటో ఎక్కాలి. మా వీధి కాలువ మట్టి కూడా ఊరికే పోదు. ఊడ్చుకెళ్లి కడిగి బంగారు రజను తీసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఏ లిస్టులో పేరుంటుంది?

---

ముంబై_వలస | ఆదివారం, రాత్రి 10:22

కురుపాం గారూ, మీ ప్రశ్నకి నేనున్న ఊళ్లో ఒక జవాబు ఉంది. పూర్తిగా మంచిదని అనను. భేండీ బజార్‌లో 16.5 ఎకరాలు, దాదాపు 250 పాత భవనాలు, 3 వేల పైచిలుకు కుటుంబాలు, వెయ్యికి పైగా షాపులు. 2009 నుంచి ఒక ట్రస్టు మొత్తం పేటని ఒక్క ముక్కగా తీసుకుంది. పగిడీ కింద, అంటే ముందే పెద్ద మొత్తం ఇచ్చి చేరే పాత పద్ధతిలో, అద్దెకున్నవాళ్లకి కూడా సొంత ఫ్లాట్లు, షాపువాళ్లకి షాపులు. అది సాధ్యమైంది ఎందుకంటే వెనక ఉన్నది లాభం చూసుకునే బిల్డర్ కాదు, బోహ్రా ముస్లిం సమాజం ట్రస్టు. అయినా మొదటి టవర్లలోకి జనం వచ్చేసరికి దాదాపు పదేళ్లు. ఆ పదేళ్లూ తాత్కాలిక ఇళ్లలో ఉన్నారు. పాత వీధి కబుర్లు, ఆ మెట్ల మీద టీ, ఆ భవనాలు మాత్రం పోయాయి.

ఇంకో దారి అహ్మదాబాద్. 2017లో యునెస్కో జాబితాలోకి వెళ్లిన పాత నగరం. అక్కడ పాత ఇల్లు నిలబెట్టుకున్న ఓనరుకి, వాడుకోని ఎత్తుని టీడీఆర్‌గా వేరేచోట అమ్ముకునే వీలు ఉంది. ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవాలి. మన దగ్గర ఎక్కువగా కొట్టేసిన గోడకే బాండు ఇస్తున్నారు. ఇలాంటి ఇళ్లలో నిలబెట్టిన గోడకీ ఇస్తే హైదరాబాద్ బావమరిదిగారి పాప ఫీజుకీ కొంత దొరుకుతుంది.

---

హైదరాబాద్_బావమరిది | ఆదివారం, రాత్రి 10:30

ఈ మాట ముందే ఎవరూ చెప్పలేదే! ఇలాంటిది మన ఇంటికి దొరికితే సంతకం పెట్టేది నేనే మొదట.

---

సున్నంగానుగ | సోమవారం, ఉదయం 6:05

లిఫ్టు బాకీ ఉన్నాను. అమ్మా, 34 మెట్ల మేడకి లిఫ్టు పెట్టాలంటే ఇల్లు పడగొట్టక్కర్లేదు. గోడలకి బరువు తగలకుండా, నేల మీదనుంచి లేచే చిన్న ఇనుప ఫ్రేములో ఇద్దరు పట్టే ఇంటి లిఫ్టులు ఉన్నాయి. లోతైన గొయ్యి అక్కర్లేదు. మీటరున్నర చదరం చోటు ఉంటే చాలు. పాత ఇళ్లలో ఆ చోటు ఎక్కడుంటుందంటే, వెనక నూతి పక్కన. పైన ఒక బాత్రూం కట్టడానికి పైపు కూడా అక్కడే దించొచ్చు. ఖర్చు తక్కువేం కాదు, లక్షల్లో ఉంటుంది. కానీ ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కి, మూడేళ్ల అద్దెకి అయ్యే డబ్బుతో పోల్చి చూడు.

అన్ని ఇళ్లూ ఆగుతాయని నేను అనను. మొన్న వెలంపేటలో ఒక ఇల్లు చూశాను, గోడ కడుపు ఉబ్బి వీధి మీదకి వాలింది. అది కొట్టేయమని నేనే రాసిచ్చాను. కొట్టి అదే కొలతలో, అదే ఎత్తులో మళ్లీ కట్టుకోమన్నాను.

---

మధురవాడ_మనిషి | సోమవారం, ఉదయం 8:40

నా మాట వెనక్కి తీసుకోను, ఊరు పెరగాలి. కానీ ఆ 3.25 మీటర్ల లెక్క రాత్రి నేను కూడా వేసి చూశాను. కరెక్టే. అన్నా, ఆ బిల్డర్ని సెట్‌బ్యాకులు, అదే చుట్టూ వదిలే ఖాళీలు, వేసిన సైట్ ప్లాన్ అడుగు. రంగుల బొమ్మ కాదు, లైన్ డ్రాయింగ్. అది ఇవ్వకుండా జీపీఏ, అంటే జనరల్ పవరాఫ్ అటార్నీ, మాత్రం రాయొద్దు. మా ఫీల్డులో ఉన్నవాడిగా చెబుతున్నా, ఒకసారి జీపీఏ చేతికొచ్చాక ఆ కాగితం చేతులు మారుతూనే ఉంటుంది, ఇల్లు అలాగే కూలుతుంది.

---

కోటవీధి_కుర్రాడు | గురువారం, రాత్రి 9:55

అప్‌డేట్.

లైన్ డ్రాయింగ్ అడిగాను. "ముందు సంతకాలు, తర్వాత ప్లాన్" అన్నాడు. వెనక వీధి వాళ్లతో కూడా మాట్లాడుతున్నారా అంటే నవ్వి, ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లాడు. తిరిగి లోపలికి రాలేదు.

నిన్న రాత్రి వీడియో కాల్‌లో 8 మందిమీ కూర్చున్నాం. రెండు గంటలు. న్యూజెర్సీ అన్నయ్య అమ్మేద్దాం అన్నాడు, మేనత్త ఏడ్చింది, బావమరిది అహ్మదాబాద్ గురించి పది నిమిషాలు చెప్పాడు. ఇప్పటికి తేలింది ఒక్కటే, సంతకం లేదు. నేను ఇంట్లో ఉంటున్నందుకు నెలనెలా మేనత్త వాటాకి కొంత అద్దెగా పంపుతాను. ఇది ముందే చేయాల్సింది.

అడ్వాన్సు తీసుకున్న మూడిళ్లలో ఒకటి మా పక్కిల్లే. వాళ్లు అప్పుడే వీధి తలుపులు ఊడదీసి అమ్మేశారు. ఒక్కో రెక్క నలుగురు మోశారు. ఇప్పుడు ఆ గుమ్మానికి నీలం పట్టా కట్టి ఉంది, గాలికి రాత్రంతా టపటపమంటోంది. మా పిల్లాడికి నిద్ర పట్టడం లేదు.

బిల్డర్ తెచ్చిన స్వీట్‌బాక్సులో అమ్మ సూదులూ దారాలూ పెట్టుకుంది.

సున్నంగానుగ మాస్టారూ, ఆదివారం వీలైతే మా దూలాల చివర్లు ఒకసారి చూస్తారా? ఇడ్లీ, అల్లం పచ్చడి మా ఇంట్లోనే.

---

సున్నంగానుగ | గురువారం, రాత్రి 10:10

వస్తాను బాబూ. ఏడింటికల్లా. చిన్న సుత్తి, ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇంట్లో పెట్టి ఉంచు.

---

లిఫ్ట్‌కావాలి | గురువారం, రాత్రి 10:26

మాస్టారూ, అక్కణ్ణుంచి మా ఇల్లు పది నిమిషాల నడక. నూతి పక్కన చోటు కొలిచి పెట్టాను, మీటరూ నలభై. మీరు చెప్పినదానికి పది సెంటీమీటర్లు తక్కువ. వచ్చి చూస్తారా? 34 మెట్లు ఎక్కగలరా మరి?

---

సున్నంగానుగ | గురువారం, రాత్రి 10:31

మధ్యలో ఒక కుర్చీ వేయించమ్మా.